మిద్దె మీద సైడింగు

మా మిద్దె మీద రేకుల గదికి వాలు ఉంది. వాన నీళ్లు తూముకు పోవాలని మేస్త్రీ స్లాబును పడమటికి కొంచెం వాల్చి వేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు నేను దాని మీదే నాలుగు గోడలు లేపి రేకులు కప్పించాను. గదిలో గోలీ వదిలితే దానంతట అదే పడమటి గోడ దాకా పోయి ఆగుతుంది. బొమ్మ రైలుకు, వ్యాగన్లు నిలిపే సైడింగు లైనుకు బల్ల చేయించినప్పుడు వడ్రంగి చెప్పాడు, కాళ్ల కింద చెక్కలు పెట్టి సమం చేద్దామని. వద్దన్నది మా బావ. సైడింగు అన్నాక వాలు లేకుండా ఉండదు, ఉండనీ, అప్పుడే నీకు పని తెలుస్తుంది అన్నాడు. ఆయన మాట మీద వాలును అట్లాగే ఉంచేశాను.

నేను హిందూపురంలో మోటార్లు చుట్టేవాణ్ణి. ముప్పై ఏళ్లు బోరు మోటార్లకు రాగి తీగ చుట్టి చుట్టి వేళ్లు వంకరపోయాయి. ఇప్పుడు కొట్టు తెరిచేది పొద్దున ఒక్క పూటే. మిగిలిన పూట ఏం చేయాలో తోచక రైలు పెట్టుకున్నాను. ఈ వయసులో బొమ్మలాటేమిటని అడిగిన వాళ్లకు నేనిచ్చిన జవాబులు ఇక్కడ రాస్తే బాగుండదు. నాకు నోటి దురుసు ఎక్కువని మా వీధంతా చెబుతుంది. అది అబద్ధమేమీ కాదు.

నా రైలు ఎక్కడా లేని రైలు. పెనుకొండ దాటాక, ధర్మవరం ఇంకా దూరం ఉండగానే, పెద్ద లైను నుంచి చీలి గుట్టల్లోకి పోయే ఒక పాయ. దాని చివర ఒక సిమెంటు మిల్లు, ఒక వేరుశనగ నూనె మిల్లు, రాళ్లు కోసే ఫ్యాక్టరీ ఒకటి. అంతా నా తలలో పుట్టిందే. ప్రయాణికుల బండి ఒక్కటి కూడా లేదు. ఇంజన్ మాత్రం బెంగుళూరులో పాతది కొన్నాను, అరచేతిలో పట్టేంత ఉంటుంది. వ్యాగన్లు నూనె డబ్బాల రేకు కత్తిరించి నేనే చేశాను. సిమెంటు మిల్లు పొగగొట్టం ఒక పాత కండెన్సర్ డబ్బా. బస్తాలు మోసే హమాలీలను మిగిలిపోయిన రాగి తీగతో చుట్టాను. గోరంత మనుషులు, తలకు ఎర్రగుడ్డ పేలికలు. వాళ్లను మిల్లు ముందర వరసగా నిలబెడితే బావ నవ్వాడు. మిట్టమధ్యాహ్నం ఆ ఎండలో ఎవడు నిలబడతాడని, ఒక్కొక్కరినే గోళ్లతో ఎత్తి వ్యాగన్ల కింద కూర్చోబెట్టాడు. నీడ ఉండేది అక్కడేనట.

బావ అంటే మా అక్క మొగుడు. ధర్మవరం యార్డులో షంటింగ్ పని చేశాడు. వ్యాగన్లను ఇంజన్‌కు తగిలించడం, వదిలించడం, ఏ సైడింగులో ఏవి పెట్టాలో అవి పెట్టడం. రైల్వే వాళ్లు అరవై నిండగానే ఇంటికి పంపితే పది రోజులు కూడా కూర్చోలేకపోయాడు. పెనుకొండ దగ్గర ఒక ప్రైవేట్ సైడింగులో మళ్లీ అదే పనికి కుదురుకున్నాడు. ఆదివారం మాత్రం ధర్మవరంలో ప్యాసింజరెక్కి మా ఇంటికి వచ్చేవాడు. భోజనం చేసి ఇద్దరం మిద్దెక్కేవాళ్లం.

ఇంజన్ నాది, సైడింగు ఆయనది. ఒక చీటీ మీద పని రాసేవాడు: మిల్లులోంచి నాలుగు నిండు వ్యాగన్లు తీయాలి, మూడు ఖాళీవి పెట్టాలి. ఆయన విజిల్ వేయనిదే నా చెయ్యి రెగ్యులేటర్ మీద కదలకూడదు. తొందరపడి తోస్తే మీద పడేవాడు. రెండు గంటలు కూర్చుంటే ఏడు వ్యాగన్లు జరిగితే గొప్ప. నాకు ఒళ్లు మండేది. అయినా చెబుతున్నాను, వారమంతా నేను ఎదురుచూసింది ఆ రెండు గంటల కోసమే.

ఆయనకొక పద్ధతి ఉండేది. వ్యాగన్లను మిల్లు లైన్లో పెట్టాక, ఇంజన్ వదిలించే ముందు, చివరి వ్యాగన్ చక్రం కింద అడ్డచెక్క పెట్టాలి. మా బల్ల మీద అది అగ్గిపుల్ల ముక్క. అది పెట్టి, అరచేత్తో వ్యాగన్‌ను రెండుసార్లు తట్టి, గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నా, యార్డంతా వినాలన్నట్టు "నిలిచిండాది!" అని కేకేసేవాడు. ఆ తర్వాతే ఇంజన్ వదిలించి విజిల్. ఆ కేక ఎందుకని ఒకసారి అడిగితే, వచ్చి చూడు అన్నాడు.

మిల్లును ఇంకా బాగా చేసుకోవచ్చు కదా అని ఒకరోజు పెనుకొండ సైడింగుకు పోయాను. వ్యాగన్లు వచ్చి ఆగాయి. హమాలీలు అన్నం క్యారియర్లు పట్టుకొని గోడ పక్కన నిలబడే ఉన్నారు. ఒక్కడూ కదల్లేదు. బావ ఇటు పక్క హ్యాండ్ బ్రేకు తిప్పి, చక్రాల కింద మూరెడు అడ్డచెక్కలు కొట్టి, వ్యాగన్‌ను తట్టి, కేకేశాడు. అప్పుడు అందరూ వంగి పట్టాల మధ్యకు దూరి, వ్యాగన్ల కింద నీడలో క్యారియర్లు విప్పారు. వాళ్లలో అగళి వైపు నుంచి వచ్చిన ఒక బక్కమనిషి సగం కన్నడం, సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. కింద పడుకొనేదానికి భయం కాదా అని అడిగాను.

"ఈ యప్ప కేకేసినాడంటే మేము కండ్లు మూసుకొని దూరతామప్పా," అన్నాడు. "ఇన్నేండ్లలో మేము ఒక్కతూరి కూడా వంగి చూసిందే లే."

నేను ఆ మాట విని మురిసిపోయాను. మా బావ అంటే అంత గురి అని ఇంటికొచ్చి మా ఆవిడకు కూడా చెప్పాను.

శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో మొదటిసారి మా మిల్లు లైన్లో వ్యాగన్ జారింది. బావ తట్టాడు, కేకేశాడు, విజిల్ వేశాడు. నేను ఇంజన్‌ను వెనక్కి లాగాను. నాలుగు వ్యాగన్లూ మెల్లగా కదిలి, వేగమెత్తి, పోయి మిల్లు గోడకు గుద్దుకున్నాయి. ముగ్గురు రాగి మనుషులు పట్టాల మీద పడ్డారు. నేను బల్లను తన్నానని ఆయన, నేను కదలనే లేదని నేను, అరుచుకున్నాం. చివరికి నేనే తన్నానేమో అనుకున్నాను. నా కాళ్లు ఒక చోట ఉండవు మరి.

పై వారం మళ్లీ జారింది. ఈసారి నేను బల్లకు రెండడుగుల దూరంలో ఉన్నాను. వంగి చూస్తే చక్రం కింద ఏమీ లేదు. అగ్గిపుల్ల ముక్కలన్నీ డబ్బాలోనే ఉన్నాయి. పెట్టలేదు బావా అన్నాను. పెట్టినా అన్నాడు. నా మీద కోపంతో కాదు, నిజంగానే పెట్టిన మనిషి చెప్పినట్టు చెప్పాడు. తట్టింది గుర్తుంది, కేకేసింది గుర్తుంది, కాబట్టి పెట్టే ఉంటాడు. ఆయన లెక్క అది. డబ్బా చూపిస్తే తీసుకొని పుల్లలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆ పూట ఇంకేమీ ఆడలేదు. సాయంత్రం బండికి ఉండకుండా బస్సెక్కి పోయాడు.

మా గదిలో పడింది రాగి తీగ. రేపు సోమవారం పొద్దున ఆయన పెనుకొండ పోతాడు. అక్కడ ఆ కేక కోసం క్యారియర్లు పట్టుకొని నిలబడే మనుషులున్నారు.

ఆ వారంలోనే అక్క ఫోను చేసింది. బావ అన్నం సరిగా తినడం లేదట. ఇంటికి తాళం వేసి వీధి చివరి దాకా పోయి, వేశానో లేదో అని మళ్లీ వెనక్కి వస్తున్నాడట. బజారుకు పోయి ఏం తేవాలో మరిచి వట్టి సంచి పట్టుకొని వచ్చాడట. డాక్టరు దగ్గరికి పోదామంటే అరిచాడట. నేను వ్యాగన్ల సంగతి చెప్పబోయాను. ఆమె చెప్పనివ్వలేదు.

"నీ ఇంట్లో ఏదో జారిందంట గదరా. అది తలుచుకొని తలుచుకొని నీరసపడిపోతాండాడు," అంది. "నువ్వు ఇంగ ఏమీ అనాకు. ఆ పని పోతే మనిషి బతకడు."

అప్పుడు నాకు తెలివి పుట్టింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది అని ఇప్పుడు తిట్టుకుంటాను గానీ, ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నాను. పాడైన స్పీకర్లలోంచి పీకిన అయస్కాంతాలు కొట్లో ఉన్నాయి. మూడు తెచ్చి, బల్ల కింద దూరి, సరిగ్గా మిల్లు లైను కింద పలకకు అతికించాను. వ్యాగన్లు రేకువి కదా, అక్కడికి రాగానే అతుక్కున్నట్టు ఆగిపోతాయి. ఇంజన్ లాగితే వస్తాయి. అడ్డం పెట్టినా పెట్టకపోయినా ఇక జారవు. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. ఆయన మనసు కుదుటపడితే మతిమరుపు దానంతట అదే తగ్గుతుందని, అక్కకు నేను ఉపకారం చేశానని అనుకున్నాను.

ఆదివారం బావ వచ్చాడు. నాలుగు వ్యాగన్లు పెట్టాడు, తట్టాడు, కేకేశాడు, విజిల్ వేశాడు. నేను ఇంజన్ లాగాను. వ్యాగన్లు కదల్లేదు. ఆయన నిట్టూర్చడం నాకు బల్ల అవతలికి వినిపించింది. ఆ రోజు అడ్డం పెట్టాడో లేదో నేను చూడలేదు. చూడకూడదని తల తిప్పుకున్నాను.

రెండో వారం చూశాను. పెట్టలేదు. మూడో వారం కూడా పెట్టలేదు. కేక మాత్రం మునుపటికన్నా గట్టిగా ఉంది. మనిషి తేరుకున్నాడు. అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు, మా ఆవిడ చేసిన వేరుశనగ చట్నీ బాగుందన్నాడు, నా ఇంజన్ తోలడం మీద జోకులు వేశాడు. అక్క ఫోను చేసి ఇంట్లో కూడా బాగున్నాడని చెప్పింది. నాకు మాత్రం ఆయన కేకేసిన ప్రతిసారీ పెనుకొండ హమాలీలు గుర్తొచ్చేవాళ్లు. ఏదో ఒకటి చెయ్యాలని తెలుసు. వచ్చే వారం చూద్దాం అనుకునేవాణ్ణి.

నాలుగో ఆదివారం, అన్నం తింటూ ఉండగా ఆయనే మొదలుపెట్టాడు.

"ఒక మాట చెప్తా, మీ అక్కకు చెప్పాకు. నీ ఇంట్లో రెండు తూర్లు జారినంక నాకు నా మీదనే నమ్మకం పోయింది. పని వదిలేస్తానని కాగితం రాసి జోబీలో పెట్టుకోనింటి. మూడు వారాలు నీ బల్ల మీద చూద్దాము, ఒక్కటి జారినా అది ఇచ్చేద్దామనుకుంటి. ఒక్కటీ జారలా. నిన్న చింపి పారేసినా."

నా చేతిలో ముద్ద ఉంది. అది నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. ఆయన నవ్వుతూ నా వైపే చూస్తున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి, బడిలో మంచి మార్కులొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. ఊళ్లో ఎవడినైనా ముఖం మీద అనగలిగే నోరు నాది. ఆ పూట దానికి ఏమైందో తెలియదు. "మంచిదే బావా," అన్నాను.

సోమవారం పొద్దున ఫోను చేశాను. అడ్డచెక్కలు ఒకటికి రెండుసార్లు చూసుకో అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నలభై ఏండ్ల నుంచి ఈ పని చేస్తాండా, మోటర్లు చుట్టేవాడివి నువ్వు నాకు చెప్పేదేందబ్బా అని పెట్టేశాడు. మంగళవారం మళ్లీ చేస్తే ఎత్తలేదు. పెనుకొండ ఎంత దూరం? బస్సెక్కితే గంటకు లోపలే. పోయి ఆ అగళి మనిషినైనా పక్కకు పిలిచి, మీరే వంగి చూసుకోండి అని చెప్పి రావచ్చు. అట్లా చెబితే బావ పరువేం కాను అనుకున్నాను. కొట్లో ఒక మోటారు అర్జంటని కూడా అనుకున్నాను. అది అంత అర్జంటేమీ కాదు.

గురువారం మధ్యాహ్నం అక్క ఫోను వచ్చింది. ఏడుస్తూ మాట్లాడింది, ముందు ఏమీ అర్థం కాలేదు. వ్యాగన్లు జారాయి. ఎంతో దూరం కాదు, ఆరేడు అడుగులు. కింద అన్నం తింటున్న వాళ్లు చక్రం కదలడం చూసి అటూ ఇటూ దొర్లారు. తిని నడుం వాల్చిన ఒక్కడు మాత్రం లేవలేకపోయాడు. అగళి మనిషే. కుడికాలు మోకాలి కింద దాకా పోయింది. అంబులెన్సులో అనంతపురం తీసుకుపోయారట. బావ ఆ పక్కనే నేల మీద కూర్చొని, పెట్టినా, పెట్టినా అని అదే మాట అంటున్నాడట. అడ్డచెక్కలు షెడ్డులో గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయట. హ్యాండ్ బ్రేకు సగమే తిరిగి ఉందట.

ఆదివారం ఆయన వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం నెరిసి ముఖం చిన్నదైపోయింది. అన్నం వద్దన్నాడు. నేరుగా మిద్దెక్కాడు. నేను వెనకాలే పోయాను.

"ఇంజన్ తోలు. చూడాల," అన్నాడు.

వద్దు బావా అన్నాను. వినలేదు. రేపు సోమవారం కంపెనీ వాళ్లు ఎంక్వయిరీ పెట్టారట, తను పెట్టాడో లేదో తనకే తెలియడం లేదట, ఇక్కడ తెలుస్తుందట. నేను ఇంజన్ తోలాను. నాలుగు వ్యాగన్లు మిల్లు లైన్లో పెట్టించాడు. చెయ్యి డబ్బా దాకా పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది. వ్యాగన్‌ను రెండుసార్లు తట్టాడు. కేక వేయలేదు, గొంతులోనే ఏదో అనుకున్నాడు. విజిల్ వేశాడు. నేను ఇంజన్ లాగాను. వ్యాగన్లు నిలబడే ఉన్నాయి.

ఆయన ముఖంలోకి కొంచెం ప్రాణం వచ్చింది. చూసుకుందామని వంగాడు. చక్రం కింద చూశాడు. కళ్లద్దాలు సర్దుకొని మళ్లీ చూశాడు. అక్కడ అగ్గిపుల్ల లేదు. లేకుండానే వ్యాగన్లు వాలు మీద నిలబడి ఉన్నాయి. వేలితో చివరిదాన్ని కొంచెం కిందికి తోశాడు. అది పోయినట్టే పోయి వెనక్కి వచ్చి అతుక్కుంది. బల్ల కింద చెయ్యి పెట్టి తడిమాడు. నలభై ఏళ్లు వ్యాగన్లతో బతికిన మనిషికి ఇంకా ఎంతసేపు పడుతుంది.

"ఎప్పుడు పెట్టినావు?" అన్నాడు.

చెప్పాను. రెండోసారి జారిన వారమే పెట్టానని, అక్క ఫోను చేసిందని, నీకు ధైర్యం రావాలని చేశానని, అంతా గబగబా చెప్పాను. ఆయన వేళ్ల కణుపుల మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడేమో అని కూడా అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"కాగితం చింపినానని చెప్పినప్పుడన్నా చెప్పాల్సింది గదప్పా," అన్నాడు.

అంతే అన్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొని దిగాడు.

సోమవారం నేను పెనుకొండ పోయాను. రావద్దని ఆయన అన్నా పోయాను. సైడింగు ఆఫీసులో బల్ల వెనక ఇద్దరు అధికారులు కూర్చున్నారు. వ్యాగన్లు ఇంకా అట్లాగే ఉన్నాయి, వాటి చుట్టూ తాడు కట్టారు. హమాలీలు దూరంగా గోడ పక్కన, ఎండలోనే కూర్చొని ఉన్నారు. వాళ్లలో ఎవరూ బావ వైపు చూడలేదు. లోపల బావ చెబుతుంటే ఒక గుమాస్తా రాసుకుంటున్నాడు. అడ్డచెక్కలు పెట్టలేదు, పెట్టినాననుకొని కేకేసినా, నా కేక విని వాళ్లు కిందికి పోయినారు, తప్పు నాదే. ఇన్ని రోజులుగా మతిమరుపు ఉన్నట్టు మీకు తెలియదా, ఎవరూ చెప్పలేదా అని పెద్దాయన అడిగాడు.

వాకిలి దగ్గర నిలబడ్డ నేను లోపలికి ఒక అడుగు వేశాను. సార్, నాకు తెలుసు అన్నాను. అధికారి కళ్లెత్తి, ఎవరు మీరు అన్నాడు. నేను నోరు తెరిచేలోగా బావ వెనక్కి తిరిగాడు.

"మా బామ్మర్ది సార్. మోటర్లు చుట్టుకుంటాడు. ఈయప్పకు రైళ్ల గురించి ఏమీ తెల్దు."

అధికారి నన్ను బయట ఉండమన్నాడు. బావ కాగితం మీద సంతకం పెట్టడానికి వంగాడు. అయస్కాంతాల సంగతి చెప్పకుండానే వెళ్లి బయట నిలబడ్డాను.